పెన్సిల్ రుద్దని ముఖం

ఆ ఫ్లెక్సు కింద నుంచి నేను మూడు రోజులు నడిచాను. ఆదోనిలో మా టీచర్లకు శిక్షణ పెట్టారు. పొద్దున ఎమ్మిగనూరు బస్సు దిగి శిక్షణకు పోవడం, సాయంత్రం మళ్ళీ అదే దారిన బస్టాండుకు రావడం. బజారు మలుపులో రెండు కరెంటు స్తంభాల మధ్య ఆ ఫ్లెక్సు కట్టి ఉంది. పైన కన్నీటి శ్రద్ధాంజలి అని ఎర్ర అక్షరాలు, రెండు మూలల్లో దీపాలు, ఎగురుతున్న పావురాలు, మధ్యలో బియ్యప్పిండి రంగు ముఖంతో ఎవరో పెద్దమనిషి. ఎవరో షావుకారు పోయినట్టుంది, పాపం అనుకుని ముందుకు పోయాను.

మూడో రోజు సాయంత్రం ఆటో కోసం నిలబడి, వేరే పని లేక ఆ ఫ్లెక్సు మీది అక్షరాలు చదివాను. పేరు నాకు తెలిసినది కాదు. కానీ ఆ పేరు పక్కన బ్రాకెట్లో నాకు తెలిసిన ఇంకో పేరు ఉంది. కింద 'పట్టణ ఫోటోగ్రాఫర్లు' అని ఉంది. నేను మళ్ళీ తలెత్తి ముఖం చూశాను. చెవులు ఆయనవే. నుదుటి మీద నిలువు గీత ఆయనదే. మిగతా ముఖమంతా ఎవరో తుడిచేశారు.

ఏడుపు రావాల్సింది. రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

ఆ బ్రాకెట్లోని పేరు నేను ఇక్కడ రాయను. ఆదోనిలో ఓ వయసు దాటినవాళ్ళు అందరికీ అది తెలుసు. అది ఆయన రంగును బట్టి పెట్టిన పేరు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుందని చాలామందికి తెలియదు, నాకూ ఆ ఫ్లెక్సు చదివిందాకా తెలియదు. పాతికేళ్ళు అన్నా అనే పిలిచాను. ఈ రాతలో కూడా ఆయనకు పేరుండదు. ఊరు పెట్టిన పేరు రాయడానికి నాకు మనసొప్పదు, అసలు పేరు రాస్తే ఎవరికీ ఆనవాలు దొరకదు.

ఆయనది పత్తి మార్కెట్ వెనక సందులో చిన్న ఫోటో స్టూడియో. ముందు గదిలో ఒక బల్ల, వెనక గదిలో నీలం తెర, ఆ వెనక చీకటి గది. పెద్దకడుబూరు, దేవనకొండ, నందవరం వైపు నుంచి పత్తి, వేరుశనగ బండ్ల మీద వేసుకొని మార్కెట్టుకు వచ్చిన రైతులు పని అయ్యాక అక్కడికి వచ్చేవాళ్ళు. ఎండలో పుట్టి ఎండలో పెరిగిన ముఖాలు. స్టూలు మీద కూర్చోగానే అందరూ అడిగేది ఒకటే మాట.

"అన్నా, రవంత తెల్లగా రానీ."

"నీ తెలుపు నీ పండ్లల్లో ఉంది. నవ్వు," అనేవాడు ఆయన.

నవ్వని వాళ్ళకు ఫోటో తీసేవాడు కాదు. అట్లా నవ్వించి తీసిన పెళ్ళి ఫోటోలు మా చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ గోడలకు ఉన్నాయి. లైటు సరిచేసే ముందు మనిషి ముఖం చూసేవాడు కాదు, చెయ్యి పట్టుకొని మోచేయి తిప్పి చూసేవాడు. ఎందుకన్నా అంటే, "మొగానికి పౌడరు ఉంటాది. మోచేతికి యాడ ఉంటాది?" అనేవాడు. ఫోటోలకు రంగులు వేసేటప్పుడు కుంచె మొనను పెదవుల మధ్య పెట్టి తడి చేసుకునే అలవాటు. అందుకని ఆయన కింది పెదవి మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. ఎదురుగా కూర్చొని గాజు పలక మీద రంగులు కలిపే ఆయన భార్య రోజుకు పదిసార్లు తిట్టేది. "ఇసము తింటాండావు, ఇసము!" అని. ఆమెను నేను వదినా అనేదాన్ని.

చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్ ఉండేది. దాన్ని ఆయన వాడటం నేను ఒక్కసారి కూడా చూడలేదు. అదేమిటన్నా, రాయవు, గీయవు, చెవికి అలంకారమా అని ఒకసారి ఆటపట్టించాను. అప్పుడు చెప్పాడు. ఆయన అంతకు ముందు పెద్ద బజారులో ఒక పెద్ద స్టూడియోలో పనిచేశాడట. ఆయన పని నెగెటివ్ మీద పెన్సిల్ రుద్దడం. నెగెటివ్‌లో తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా ఉంటుంది కదా. అక్కడ ముఖం మీద సన్నగా పెన్సిల్ రుద్దితే ప్రింటులో ఆ మేర తెల్లబడుతుంది. రోజుకు ఎన్నో ముఖాలు. పల్లెల నుంచి వచ్చిన వాళ్ళందర్నీ ఒక పెన్సిలుతో తెల్లవాళ్ళను చేసి పంపేవాడు.

"మా అమ్మ ఫోటో గూడా నేనే రుద్దినా," అన్నాడు. "అమ్మ పోయిన వారం. బాగుండాలని రుద్దినా. ఒక్కటే ఫోటో, ఒక్కటే నెగిటివ్. ఇప్పుడు మా అమ్మ రంగు ఎట్లుండెనో నాకు గుర్తు లేదు పాపా."

ఆ పని ఆ నెలలోనే మానేశాడు. పెన్సిల్ మాత్రం చెవి మీద నుంచి తీయలేదు.

నేను ఆయనకు పరిచయమైంది కూడా ఒక తగాదాతోనే. మాది పెద్దకడుబూరు దగ్గర పల్లె. ఆదోనిలో డిగ్రీ చదువుతున్నాను. హాల్ టికెట్టుకు ఫోటో కావాలని మా నాన్న ఆ సందులోకి తీసుకుపోయాడు. ఫోటో చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అంత నల్లగా ఉన్నానా అనిపించింది. ఉన్నాను. నాకు ఆ సంగతి తెలియకకాదు, కాగితం మీద చూడ్డం అదే మొదలు. "ఇది నేను కాదు," అని ఆ ఫోటోలు బల్ల మీద పెట్టేసి వచ్చాను. నాన్నకు చెప్పకుండా పెద్ద బజారు స్టూడియోకు పోయి ఇంకోటి తీయించుకున్నాను. అందులో సినిమా అమ్మాయిలా వచ్చాను. దాన్నే దరఖాస్తు మీద అతికించాను.

పరీక్షా కేంద్రం ఎమ్మిగనూరులో పడింది. మొదటి రోజు గదిలోకి పోగానే, పర్యవేక్షణకు వచ్చిన సారు హాల్ టికెట్టు చూశాడు, నన్ను చూశాడు. మళ్ళీ టికెట్టు చూశాడు. "ఎవరి బదులు రాయడానికి వచ్చినావు?" అన్నాడు. గది అంతా తలలు తిప్పింది. నేనే సార్ అంటే వినడు. ఇంత తెల్లగా ఉన్న అమ్మాయి నువ్వెట్లా అవుతావంటాడు. వరండాలో నిలబెట్టారు. సంతకం చేయించారు, ఇంకో సంతకం చేయించారు. మా కాలేజీకి ఫోన్ చేశారు. లోపల అందరూ రాస్తున్న చప్పుడు వింటూ అరగంట నిలబడ్డాను. ఆ అరగంటలో నేను ఆ సారును తిట్టుకోలేదు, నా రంగును తిట్టుకున్నాను. ఇప్పటికీ అదే నాకు సిగ్గు.

పరీక్షలన్నీ అయ్యాక ఎందుకో మళ్ళీ ఆ సందులోకి పోయాను. జరిగింది చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. ఆయన ముఖం ఎర్రబడిందని రాయలేను, ఆ ముఖం ఎర్రబడేది కాదు. మెడ నరాలు లేచాయి.

"వాడు నిన్ను నిలబెట్టినాడు సరే. నిన్ను ఆ గదిలో నుంచి తుడిసేసినోడు ఎవరు? పెద్ద బజార్లో పెన్సిలు పట్టుకున్నోడు. ముందు వాన్ని అడగల్ల. వాని కుర్చీలో నేను పన్నెండేండ్లు కూసున్న్యా, తెలుసునా? నీ మాదిరి ఎంతమందిని యాడ యాడ నిలబెట్టినారో!"

అని, బల్ల సొరుగులోంచి నేను వదిలేసి పోయిన ఫోటోలు తీశాడు. పారేయలేదు. నా ముందు పెట్టాడు. ఈసారి చూసుకున్నాను. పళ్ళు తెల్లగా, కళ్ళు తెల్లగా, మిగతాదంతా నేను. ఆ ఫోటోనే తర్వాత నా ఉద్యోగం దరఖాస్తు మీద అతికించాను.

ఆ రోజే అడిగాడు, "ఇంగ్లీషు సదువుతావా నువ్వు?" అని. చదువుతానన్నాను. వెనక గదిలోకి పోయి ఒక ట్రంకుపెట్టె ఈడ్చుకొచ్చాడు. పత్రాలో, చీరలో ఉంటాయనుకున్నాను. నిండా అమెరికా బొమ్మల పుస్తకాలు. ముసుగులు, గుడ్డ రెక్కలు, గుద్దుతున్న పిడికిళ్ళు. పాత కాగితాల అంగడికి బొంబాయి వైపు నుంచి మూటల్లో వచ్చే ఇంగ్లీషు పత్రికల్లో ఇవి కలిసి వచ్చేవట. అంగడివాడు వాటిని తూకానికి వేసే ముందు ఈయన కూర్చొని ఏరుకునేవాడు. ఏరుకున్నవి అన్నీ కాదు. నల్లముఖం ఉన్నవి మాత్రమే. వంద తిరగేస్తే ఒకటో రెండో దొరికేవని చెప్పాడు.

"బొమ్మలు నాకు అర్థమైతాయి. ఈ మబ్బుల్లో రాసింది ఏందో సదివి సెప్పు," అన్నాడు. మబ్బులంటే మాటలు రాసే తెల్ల బుడగలు.

అట్లా నేను రెండేళ్ళు, ఆదివారాలు మధ్యాహ్నం పూట, ఆయనకు ఆ పుస్తకాలు చదివాను. ఆయన కూర్చోమనేది స్టూలు మీద, ఫోటో తీసేవాళ్ళు కూర్చునే స్టూలు. వదిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టేది. నేను తెలుగు చేసి చెబుతుంటే ఆయన ఒక్కో ముఖం మీద వేలు పెట్టి వినేవాడు.

పుస్తకాలను ఆయన ఒక వరుసలో పెట్టుకున్నాడు, కట్టలు కట్టి, గోతాం దారంతో. అన్నిటికన్నా అడుగున ఉన్న కట్టలో నల్లవాడు వీరుడు కాదు. వీరుని పెట్టె మోసేవాడు, కారు తోలేవాడు, దయ్యాన్ని చూసి గుడ్లు తేలేసేవాడు. పెదవులు దోసెల్లాగా గీశారు. మాట వంకరగా రాశారు. నేను ఆ మాటలు చదువుతుంటే నాకే నోరు తిరగలేదు. "వాడు మాట్లాడేది అట్ల కాదు, రాసినోని సెవులు అట్ల ఉండాయి," అన్నాడాయన. ఆ కట్టను ఒకసారి చదివించుకున్నాక మళ్ళీ విప్పలేదు. పారేద్దామా అంటే, "ఇది లేకుంటే మిగతాది అర్థం కాదు" అన్నాడు.

తర్వాతి కట్టలో వీరుడయ్యాడు. ఎగురుతాడు, గోడలు పగలగొడతాడు. అయితే వానికి పెట్టిన పేర్లలో ఎన్నిటికో ముందర 'నల్ల' అనే మాట తగిలించి ఉంది. నేను ఒక పుస్తకం అట్ట మీది పేరు చదివి తెలుగు చెప్పగానే ఆయన వేలు ఆగిపోయింది.

"ఇంకొకటి సదువు."

చదివాను. అందులోనూ అదే.

"తెల్లోని పేర్లో యాడన్నా తెల్ల అని ఉందా? సూడు. అన్నీ సూడు."

చూశాను. లేదు. వాళ్ళు ఉక్కు, మెరుపు, గద్ద, సింహం. వీళ్ళకు మాత్రం ముందు రంగు, తర్వాతే మిగతాది. బయట సందులో ఎవరో ఆయన్ను ఊరు పెట్టిన పేరుతో పిలిచారు. ఫోటోలు అయ్యాయా అని. ఆయన లేచి పోయి ఫోటోలు ఇచ్చి వచ్చాడు. వచ్చి కూర్చొని, "అమెరికాలో గూడా ఇదే ఊరు ఉంది పాపా," అన్నాడు.

వాళ్ళకు ఇచ్చిన బతుకు చూసి కూడా ఆయనకు మంటే. తెల్ల వీరుడు లోకాన్నంతా కాపాడతాడు, చుక్కల దాకా పోయి వస్తాడు. నల్ల వీరుడికి ఒక పేట ఇచ్చారు. ఆ పేటలోనే తిరగాలి, ఆ పేట దొంగలనే కొట్టాలి. చాలామంది జైల్లోంచే మొదలవుతారు. లేకపోతే ఎక్కడో ఆఫ్రికాలో రాజు. "రాజన్నా కావల్ల, దొంగన్నా కావల్ల. నా మాదిరి అంగడి పెట్టుకున్నోడు ఒకడన్నా లేడా?" అని అడిగేవాడు. లేడని చెప్పడానికి నాకు కష్టంగా ఉండేది. ఇంకా తర్వాతి కట్టలో తెల్ల వీరుడు అలసిపోయో చచ్చిపోయో పక్కకు జరిగితే, వాడి ముసుగు, వాడి బట్టలు నల్లవాడికి తొడిగారు. అందరూ మెచ్చుకునే మార్పు అది. ఆయన మెచ్చుకోలేదు. "వాడు ఇప్పిన అంగీ. ఇంకా సెమట వాసన పోలేదు," అన్నాడు. ముఖమంతా కప్పే ముసుగు ఉన్న నల్ల వీరులంటే ఇంకా అనుమానం. "మొగమంతా కప్పితే రంగు కలిపే పని తప్పుతాది గదా" అనేవాడు.

రంగు కలపడం. అదీ ఆయన అసలు కోపం. ఆ పుస్తకాల గురించి నేను తర్వాత ఇంటర్నెట్టులో చాలా చదివాను. ఆయన కట్టిన వరుస దాదాపు సరిగ్గానే ఉంది. ఆయన చెప్పినవి చాలామంది పండితులు చెప్పారు. కానీ రంగు సంగతి ఆయన చూసినట్టు చూసిన వాళ్ళను నేను ఎక్కువగా చదవలేదు. పాత పుస్తకాల్లో నల్లవాళ్ళ ముఖాలు నల్లగా లేవు, గోధుమ రంగులోనూ లేవు. బూడిద రంగులో ఉన్నాయి. ఒక పేజీలో బురదనీళ్ళు, పక్క పేజీలో ఊదా. ఒకే మనిషి మూడు పేజీల్లో మూడు రంగులు. చౌక అచ్చు, నాలుగే రంగులు, అంతకన్నా రాదు అని నేను ఎక్కడో చదివి చెప్పాను. ఆయన ఒక తెల్ల వీరుని కన్ను చూపించాడు.

"ఈ కంటిలో మెరుపు సూడు. ఆ నాలుగు రంగుల్తోనే గదా ఏసినాడు? బుగ్గ మీద గులాబి సూడు. ఈనికి ఒక్క మట్టిరంగు కలపలేకపోయినాడా? సేతకాక కాదు పాపా. వీని మొగము ఎవరు సూస్తార్లే అని."

ఆయన ఒక పొరపాటు కూడా చేశాడు, దాన్ని నేను సరిదిద్దలేదు. ఏదో గ్రహం నుంచి వచ్చిన నీలం మనిషి ఉన్న పుస్తకం కూడా ఆ పెట్టెలో పెట్టుకున్నాడు. "వీడూ మనోడే. రంగు ఏసేకి భయపడి నీలం కొట్టినారు," అనేవాడు నమ్మకంగా. కాదని చెబితే ఆ పుస్తకం పెట్టెలోంచి తీసేయాల్సి వస్తుంది. అందుకని ఊరుకున్నాను.

నేను చదవడం అయ్యాక ఆయన పని మొదలయ్యేది. నలుపు తెలుపు ఫోటోలకు వేసే రంగులతో, పిల్లి మీసమంత కుంచెతో, ఆ పుస్తకాల్లోని ముఖాలకు రంగు వేసేవాడు. బూడిద ముఖం మీద పొర పొరగా మనిషి చర్మం వచ్చేది. నుదుటి మీద వెలుగు, చెంప కింద నీడ. వదిన రంగు కలిపి ఇచ్చేది. కాఫీరంగు, కొంచెం పసుపు, రవంత ఎరుపు, సూదిమొనంత నీలం. నీలం ఎందుకు వదినా అంటే, "నీలం లేకపోతే నల్లమొగము సచ్చిన మొగము మాదిరి ఉంటాది," అంది. ఒక్కో పేజీకి ఒక మధ్యాహ్నం పట్టేది. దాన్ని చూసేవాళ్ళు లేరు, కొనేవాళ్ళు లేరు. ఎవరూ పట్టించుకోని ఒక తప్పును ఆదోనిలో ఒక సందులో కూర్చొని ఈయన సరిదిద్దుతూ పోయాడు. నల్ల కళాకారులే కొందరు కలిసి సొంతంగా పుస్తకాలు వేసుకున్నారని నేను ఒకసారి చదివి చెప్తే, రెండోసారి చెప్పించుకున్నాడు. "రంగు ఎవరు ఏసినారు? వాండ్లేనా?" అని అడిగాడు. వాళ్ళేనంటే, ఆ రోజు ఇంకెవరికీ ఫోటో తీయలేదు.

ఉద్యోగం వచ్చి నేను నందవరం వైపు బడికి పోయాను, ఎమ్మిగనూరులో కాపురం. ఆదోని రావడం తగ్గింది. ఈలోగా కంప్యూటర్లు వచ్చి ఆ స్టూడియో మూతపడింది. కిందటి ఏడాది ఆదోని బస్టాండులో కనిపించాడు, జుట్టంతా తెల్లబడి. చెవి మీద పెన్సిల్ అట్లాగే ఉంది. పలకరించగానే, బాగున్నావా అని కూడా అడగలేదు. జేబులోంచి ఫోన్ తీసి నా ముఖానికి ఎదురుగా పెట్టి ఫోటో తీసి చూపించాడు. అందులో నేను తెల్లగా, నున్నగా, ముడతలు లేకుండా ఉన్నాను.

"నేనేమీ నొక్కలే. దానంతట అదే సేసింది. ఫోను గూడా పెన్సిలు పట్టింది పాపా," అన్నాడు. ఆ ఫోన్ను నేలకేసి కొడతాడేమో అనిపించింది. కొట్టలేదు. అదే ఆఖరు చూపు.

అటువంటి మనిషి ఫ్లెక్సు అది. ఫోటోగ్రాఫర్లు వేయించిన ఫ్లెక్సు!

అక్కడే నిలబడి, కింద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. వాళ్ళలో ఒకాయన తీశాడు. అన్న ముఖం ఎందుకు తెల్లగా వేశారని అడిగాను. అవతలాయనకు నా కోపం అర్థం కాలేదు. "బాగ వచ్చింది గదా మేడం? పెద్దాయనకు మర్యాదగా ఉండల్ల అని స్పెషల్‌గా సేయించినాము," అన్నాడు. మర్యాద! ముఖం తీసేసి, బ్రాకెట్లో ఆ పేరు ఉంచి, దాన్ని మర్యాద అంటున్నాడు. బతికినన్నాళ్ళు ఆయన్ను నలుపు అని పిలిచిన ఊరు, ఆ నలుపును చావుకు మాత్రం దాచిపెట్టింది. పెళ్ళికీ తెలుపే, పరీక్షకూ తెలుపే, చావుకూ తెలుపేనా? నేను ఫోన్లో ఏమన్నానో ఇక్కడ రాయను. టీచర్‌ను కాబట్టి కొంచెం గట్టిగానే అన్నాను.

మర్నాడు సెలవు పెట్టి ఆయన ఇంటికి పోయాను. వదిన గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. ఇద్దరం ఏడ్చాక, ఫ్లెక్సు మాట ఎత్తాను. తీయించేద్దాం వదినా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఉండనీలే పాపా. బతికినన్నాళ్ళు నల్లోడు నల్లోడు అనిపించుకున్యాడు. సంతలో అన్నారు, పెండ్లిలో అన్నారు, మా పుట్టింట్లో గూడా అన్నారు. పోయినాకన్నా తెల్లగా కనపడనీ. ఎవరికేమి నష్టం?"

ఆ మాటలు వినింది ఆమె, నేను కాదు. నా కోపం నాకే ఎక్కువగా కనిపించింది. సరే వదినా అని లేవబోయాను.

"ఆ పెట్టె ఏమి సేయల్ల?" అంది ఆమె. "కొడుకు పాత కాగితాలకు ఏద్దామంటాడు. నువ్వు సదివినవి గదా, కావల్నంటే తీసుకపో."

ట్రంకుపెట్టె ఇద్దరం ఈడ్చుకొచ్చాం. పైన కట్ట విప్పాను. అందులో మొదటి పుస్తకంలో అన్ని పేజీల్లోనూ ముఖాలు ఆయన రంగు వేసినవే. వదిన ఆ పుస్తకం చేతిలోకి తీసుకుంది. వెలుగు కోసం వాకిలి వైపు తిప్పింది. ముఖం మీద బొటనవేలు పెట్టింది, ఆయన పెట్టినట్టే. ఇంకో పేజీ తిప్పింది. ఇంకోటి. పెట్టె పక్కన గోడకు ఆ ఫ్లెక్సు బొమ్మనే చిన్నదిగా వేయించి, దండ వేసి పెట్టారు. ఆమె పేజీ చూసింది, పటం చూసింది.

"ఈ రంగు నేను కలిపినా," అంది. "ఇదీ నేనే. ఇదీ. ఎవరో తెలియని వాండ్లకు ఇన్ని మొగాలకు కలిపి ఇచ్చినా."

పుస్తకం మూసి పెట్టెలో పెట్టింది.

"వాండ్లమ్మ ఫోటో కాడ రోజూ నిలబడుతుండె పాపా. ఏం సూస్తాండావంటే, రంగు ఎతుకుతాండా అనేటోడు. రేపు నా మనవరాలు గూడా ఈ పటము కాడ అట్లే నిలబడల్లనా?"

లేచి కొంగు తల మీదికి కప్పుకుంది. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. దినాలు కాకముందే గడప దాటుతావా, ఊరు ఏమంటుంది అని చెయ్యి పట్టుకుంది.

"పెండ్లికి పోతాండానా? మా ఆయప్ప మొగము సరిసేసేకి పోతాండా. ఇడుసు."

ఫ్లెక్సు అంగడతను మమ్మల్ని చూసి కంగారుపడి కుర్చీ వేశాడు. మంచివాడే. అందరూ తెల్లగా చేయమనే అడుగుతారు, చేయకపోతే గొడవ పడతారు, అందుకని అడగకముందే చేసేస్తానని చెప్పాడు. అసలు ఫోటో కంప్యూటర్లో ఉంది. దాన్ని పెట్టమన్నాం. ఎవరో పెళ్ళిలో ఫోనుతో తీసింది, అదీ ఫోను తెల్లబరిచినదే. వదిన దగ్గరికి జరిగి కూర్చుంది. ఆమె ఎప్పుడూ కంప్యూటర్ ముందు కూర్చోలేదు. అయినా గాజు పలక ముందు కూర్చున్నట్టే కూర్చుంది.

"కాఫీరంగు పెంచు. ఇంకా. ఎరుపు అంత వద్దు, తగ్గించు. పసుపు రవంత. నీలం ఉందా నీ దాంట్లో?"

అతను నవ్వాడు. "ముఖంలో నీలం ఏంటమ్మా?"

"ఉంటే వెయ్యి. సూదిమొనంత."

వేశాడు. తెర మీద ఆయన వచ్చాడు. అతను ఇక నవ్వలేదు. కాసేపటికి మెల్లగా అడిగాడు, బ్రాకెట్లో పేరు ఉంచాలా అని. ఆ పేరు లేకుంటే ఎవరికీ తెలియదేమోనని కూడా అన్నాడు.

"తీసెయ్. మొగము ఉంది గదా," అంది వదిన.

మధ్యాహ్నానికి పాత ఫ్లెక్సు దింపి అదే స్తంభాలకు కొత్తది కట్టారు. మేమిద్దరం ఎదురుగా టీ అంగడి పక్కన నీడలో నిలబడ్డాం. పత్తి బేళ్ళ బండి తోసుకుంటూ ఒక హమాలీ వచ్చాడు. యాభై దాటి ఉంటాడు. తల దించుకొని తోస్తున్నవాడు మలుపులో ఊపిరి తీసుకోవడానికి ఆగి పైకి చూశాడు. బండి వదిలేశాడు. తలకు చుట్టిన తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అయ్యో, ఈ అన్ననా! నవ్వితేనే తీస్తానని మా పెండ్లి ఫోటోకు అరగంట కూసోబెట్టినాడు గదప్పా. ఎప్పుడు పోయినాడు?" అని టీ అంగడతన్ని అడిగాడు.

"ఐదు రోజులాయ. ఈ స్తంభాలకే గదా కట్టినారు, సూళ్ళేదా?"

"రోజుకు నాలుగుసార్లు ఈ దావనే పోతాండా. ఎవరో సేటు పోయినాడనుకొంటి. మట్టి ఏసేకన్నా పోయుంటి గదా!" అన్నాడతను. తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

నేను వదిన వైపు చూశాను. ఆమె అతన్ని చూడటం లేదు. కొంగు వెనక్కి జరుపుకొని, ఎండ పడుతున్న ఆ ముఖాన్నే చూస్తోంది, ఆయన ఏదైనా పని పూర్తిచేసి ఇస్తే చూసినట్టు.

"నీలం సరిపోయింది," అంది.